పంపు మెకానిక్ ఇంట్లో గాలి మిషన్: పద్నాలుగు నెలలు వాడాక

నాది డీజిల్ పంపు, నాజిల్ పని. హన్మకొండ నుంచి కరీంనగర్ పోయే రోడ్డు మీద, భీమారం దాటాక, ఎర్రగట్టు గుట్టకు ఇవతల కింద షాపు, పైన ఇల్లు. ముప్పై ఏళ్ళ పైనుంచి బండి పొగ చూసి జబ్బు చెప్పడమే నా బతుకు. నల్ల పొగ అంటే డీజిల్ ఎక్కువ పోతోంది, లేదా గాలి అందడం లేదు. తెల్ల పొగ అంటే డీజిల్ కాలకుండానే బయటికొస్తోంది. నీలం పొగ అంటే ఇంజనాయిల్ తాగుతోంది. అట్లాంటి నేను పద్నాలుగు నెలల కింద పదకొండున్నర వేలు పెట్టి గాలి శుభ్రం చేసే మిషన్, అదే ఎయిర్ ప్యూరిఫయర్, ఇంట్లోకి తెచ్చాను. షాపుకొచ్చే డ్రైవర్లు ఇప్పటికీ నవ్వుతారు.

కంపెనీ పేరు రాయను. వాళ్ళ సర్వీసు గురించి కింద చెప్పేది మంచి మాట కాదు. పైగా విప్పి చూశాను, ఈ ధరలో దొరికే మిషన్లలో ఉండేవి మూడే: ఒక ఫ్యాను, ఒక ఫిల్టరు, ఒక చిన్న సెన్సారు. అందుకని ఏ కంపెనీది కొన్నా నేను రాసేది పనికొస్తుంది.

మా అల్లుడు మస్కట్‌లో ఉంటాడు. బిడ్డ, మనుమరాలు మా దగ్గరే. వాళ్ళు వచ్చిన మొదటి చలికాలమే పాపకు రాత్రిళ్ళు పిల్లికూతలు మొదలయ్యాయి. ఆరేళ్ళ పిల్ల. మూడు గంటలకు లేచి కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, భుజాలు ఎగరేస్తూ గాలి లాగేది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిన ఇంజన్ గాలి కోసం గుంజినట్టే. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

పిల్లల డాక్టరు ఛాతీ చూశాక మందు రాయకముందు ఇంకో మాట అడిగాడు.

"ఇల్లు రోడ్డు మీదనా?"

"రోడ్డు మీదనే సార్."

"ఎంత దూరం?"

"మెట్లు దిగితే రోడ్డే."

ఆయన చీటీ వెనక వరుసగా రాసిచ్చాడు. ఇన్‌హేలర్ రోజూ, స్పేసర్ గొట్టంతో. పాప పడక వెనక గదిలోకి. దోమల కాయిల్ బంద్, అగరుబత్తి బంద్. రాత్రి, పొద్దున రోడ్డు వైపు కిటికీలు మూయాలి. ఆఖరున, "పైసలుంటే ప్యూరిఫయర్, పడుకునే గదిలో". నేను చేసిందేమిటంటే, ఆఖరిది ముందు చేశాను. మిషన్ అయితే నాకు అర్థమవుతుంది కదా. ఇన్‌హేలర్ సంగతి పక్కన పెట్టాం, ఎందుకంటే పక్కింటామె మా ఇంటామెతో "గొట్టం మందు అలవాటైతదట" అన్నది. ఆ మాట పట్టుకుని మూడు వారాలు పోగొట్టుకున్నాం. రోజూ వాడే ఆ మందు ఊపిరి గొట్టాల్లో వాపు తగ్గిస్తుంది, అలవాటు పడే మందు కాదు అని రెండోసారి పోయినప్పుడు డాక్టరు గట్టిగానే చెప్పాడు.

ఇక మిషన్. డబ్బా మీద "400 చదరపు అడుగుల గదికి" అని ఉంటుంది. దాన్ని నమ్మొద్దు. చూడాల్సింది సీఏడీఆర్ అనే అంకె, గంటకు ఎంత శుభ్రమైన గాలి ఇస్తుందన్నది. మాది 250 ఘనపు మీటర్లు. మా వెనక గది పన్నెండు అడుగులకు పదకొండు, ఎత్తు పది. అంటే 37 ఘనపు మీటర్ల పైచిలుకు. గంటకు గదిలో గాలి ఆరున్నర సార్లు ఫిల్టరులోంచి తిరుగుతుంది. ఐదు సార్లు తిరిగితే చాలన్నది మామూలు లెక్క. అదే మిషన్ మా ముందు హాల్లో పెడితే మూడున్నర సార్లే. డబ్బా మీద చెప్పిన 400 అడుగుల గదిలో పెడితే రెండు సార్లకు కాస్త ఎక్కువ, అంతే. పదకొండున్నర వేలు పెట్టేముందు ఈ లెక్క రెండు నిమిషాలు కాగితం మీద వేసుకోండి.

ఇంకో మెలిక ఉంది. ఆ 250 అనేది ఆఖరి స్పీడుది. ఆ స్పీడులో మిషన్ చప్పుడు కింద షాపులో గ్రైండర్ తిరిగినట్టే. నిద్ర మోడ్ పెడితే చప్పుడు ఉండదు, గాలీ ఉండదు. నేను విడిగా రెండున్నర వేలు పెట్టి చేతిలో పట్టే పీఎం 2.5 మీటరు కొని చూశాను. (పీఎం 2.5 అంటే రెండున్నర మైక్రాన్ల లోపు ధూళి. మన వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు. ముక్కు వెంట్రుకలకు, గొంతు తడికి చిక్కకుండా ఊపిరితిత్తుల అడుగుకు పోతుంది.) డిసెంబరు రాత్రి, తలుపు మూసిన గదిలో మీటరు వంద చూపిస్తుంటే, ఆఖరి స్పీడులో ఇరవై అయిదు నిమిషాల్లో పదిహేనుకు దిగింది. నిద్ర మోడ్‌లో తెల్లవార్లూ నడిచినా ముప్పై కిందికి రాలేదు. అందుకని పాప అన్నం తినేటప్పుడు ఎనిమిది నుంచి తొమ్మిది దాకా ఆఖరి స్పీడు, పడుకున్నాక నడిమి స్పీడు. కరెంటు నెలకు పది యూనిట్లు దాటదు, దాని గురించి భయం అక్కర్లేదు.

ఆ అంకెలకు అర్థం మా బిడ్డ చెప్పింది. ఆమె జువాలజీ చదివింది, హన్మకొండలో ప్రైవేటు స్కూల్లో టీచరు. మన దేశంలో 24 గంటల సగటుకు ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాముల దాకా పరవాలేదని 2009లో పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన హద్దును 15కు దించింది. మా మిషన్ మాత్రం 50 దాకా పచ్చ లైటే చూపిస్తుంది. పచ్చ లైటు చూసి మా ఇంటామె మురిసిపోయేది, నేనూ మురిసిపోయాను.

ఆ మురిపెం జనవరిలో ఒక రాత్రి పోయింది. ఇసుక లారీ ఒకటి మా షాపు ముందు పంక్చరై ఆగింది. డ్రైవరు ఇంజన్ బంద్ చేయకుండానే జాకీ ఎక్కిస్తున్నాడు. అప్పటికి పాప ఇంకా ముందు గదిలోనే, మిషన్ కూడా అక్కడే, కిటికీ కింద. కిటికీ మూసినా గది నిండా డీజిల్ వాసన. కళ్ళు మండుతున్నాయి. మిషన్ వంక చూస్తే 18, పచ్చ లైటు! బీపీ సరిచూడమంటే చొక్కా రంగు చెప్పినట్టుంది దాని యవ్వారం. చేతి మీటరు తీస్తే అదీ ఇరవై లోపే. పాప దగ్గు మాత్రం ఆగలేదు.

తర్వాత అర్థమైంది. ఈ మిషన్లలో ఉండేది లేజర్ సెన్సారు. ధూళి కణం మీద పడి చెదిరిన వెలుగును లెక్కపెడుతుంది. కణం మైక్రాన్‌లో మూడో వంతు కంటే చిన్నదైతే దానికి కనపడదు. ఇంజన్ గొట్టంలోంచి అప్పుడే వచ్చిన పొగలో లెక్కకు ఎక్కువ ఉండేవి మైక్రాన్‌లో పదో వంతు కంటే చిన్న కణాలే. దాంతోపాటు నైట్రోజన్ డయాక్సైడ్ లాంటి వాయువులుంటాయి, వాటిని ఈ సెన్సారు అసలు చూడదు. చిన్న కణాలను హెపా ఫిల్టరు, అంటే మిషన్‌లో సన్న ధూళిని ఆపే అసలు ఫిల్టరు, పట్టుకుంటుంది, ఆ మాట నిజమే. పట్టుకోవడానికి కష్టమైన 0.3 మైక్రాన్ సైజులోనే 99.97 శాతం ఆపుతుందని దాని ప్రమాణం. వాయువులను పట్టాల్సింది దాని వెనక ఉండే బొగ్గు పొర. మా మిషన్‌లో ఆ పొర విప్పి చూస్తే జల్లెడ లాంటి ప్లాస్టిక్ గళ్ళలో నాలుగు నల్ల గింజలు. దోసిలి నిండవు. ఈ రోడ్డు మీద అవి ఎన్ని రోజులు పనిచేస్తాయో మీరే అనుకోండి. రోడ్డు పక్క ఇంటికి కొనేవాళ్ళు బొగ్గు పొర బరువెంతో అడిగి కొనండి. షాపువాళ్ళు చెప్పలేకపోతే అది లేనట్టే లెక్క.

ఆ రాత్రి తర్వాత డాక్టరు చీటీ మళ్ళీ తీశాను. పాప మంచం వెనక గదిలోకి జరిపాం, అది చేను వైపు, రోడ్డుకు నలభై అడుగులు. మీటరు పెట్టి చూస్తే ముందు గదిలో 96, వెనక 84. "ఈ మాత్రానికేనా మంచాలు మోసింది" అన్నాను. మా బిడ్డ మీటరు పక్కన పెట్టమన్నది.

"బాపూ, మీటరు చూపేది ఊరంతా కలిసిన దుమ్ము. అది ముందూ వెనకా ఒకటే ఉంటది. కిటికీ ఊచలు తుడిచి చూడు."

కాటన్ వేస్టు తీసుకుని రెండు కిటికీల ఊచలు తుడిచాను. వెనక కిటికీది మట్టి రంగు. ముందు కిటికీది కాటుక. వేళ్ళకు అంటింది సబ్బుతో పోలేదు, కిరోసిన్ పెట్టాల్సి వచ్చింది. నా షాపులో సైలెన్సర్ లోపల గీకితే వచ్చే మసి, అదే జిడ్డు, అదే వాసన. రోజూ పన్నెండు గంటలు ఆ మసిలో పనిచేసి పైకి పోయి, అదే గాలి పీల్చే గదిలో పిల్లను పడుకోబెడుతున్నామన్న మాట.

బండ్ల పొగ రోడ్డు పక్కన చిక్కగా ఉండి దూరం పోయేకొద్దీ పల్చబడుతుంది. పెద్ద రోడ్డు నుంచి 300 నుంచి 500 మీటర్ల దాకా దాని ప్రభావం ఉంటుందని అమెరికాలోని హెల్త్ ఎఫెక్ట్స్ ఇన్‌స్టిట్యూట్ 2010లో పాత అధ్యయనాలన్నీ చూసి చెప్పింది. ఉబ్బసం ఉన్న పిల్లలకు అది ఎక్కువ కావడానికి బండ్ల పొగ కారణమేనని కూడా తేల్చింది. 2022లో మళ్ళీ చూసి గుండె జబ్బు, ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలకు కూడా సంబంధం బలంగా ఉందన్నది. కాలిఫోర్నియాలో పిల్లలను ఏళ్ళ తరబడి చూస్తే, హైవేకు 500 మీటర్ల లోపు ఉన్నవాళ్ళ ఊపిరితిత్తులు దూరంగా ఉన్న పిల్లలవాటి కంటే తక్కువ ఎదిగాయట. మా దగ్గర 500 మీటర్లంటే చేన్లు దాటి పోవాలి. నలభై అడుగులతో ఏమవుతుందని నాకూ అనిపించింది. కానీ ఆ కాటుక తేడా కళ్ళతో చూశాక మంచం మళ్ళీ ముందుకు జరపలేదు.

ఇంకో సంగతి కూడా బిడ్డే చదివి వినిపించింది. లండన్‌లో ఎల్లా అనే తొమ్మిదేళ్ళ పిల్ల, ఇల్లు సౌత్ సర్క్యులర్ అనే పెద్ద రోడ్డుకు ముప్పై మీటర్ల లోపే. ఉబ్బసంతో మూడేళ్ళలో ఇరవై అయిదు సార్లకు పైగా ఆసుపత్రిలో చేరింది. 2013 ఫిబ్రవరిలో చనిపోయింది. వాళ్ళమ్మ ఏళ్ళ తరబడి కొట్లాడితే, 2020 డిసెంబరులో విచారణ అధికారి ఆ చావుకు కారణాల్లో గాలి కాలుష్యాన్ని కూడా రాశాడు. బ్రిటన్‌లో అట్లా రాయడం అదే మొదటిసారి. ముప్పై మీటర్లంటే వంద అడుగులు. ఆ రోజు షాపు బంద్ చేశాక మా ముందు గది గోడ నుంచి తారు అంచు దాకా టేపు పెట్టి కొలిచాను. పన్నెండు అడుగులు.

మా ఇంటి ముందు స్పీడ్ బ్రేకర్ ఒకటి ఉంది. గ్రానైట్ లారీ వచ్చి బ్రేకు కొడుతుంది, సెకండ్ గేరుకు దిగుతుంది, దాటగానే డ్రైవరు ఎక్సలేటర్ తొక్కుతాడు. లోడు బండికి కదిలేటప్పుడే డీజిల్ ఎక్కువ పడుతుంది, పొగ కూడా అప్పుడే ఎక్కువ. మెకానిక్‌గా నాకది రోజూ కనిపించేదే. కొత్త బీఎస్ 6 బండ్లు (బీఎస్ 6 అంటే బండి పొగకు ప్రభుత్వం పెట్టిన హద్దు) 2020 ఏప్రిల్ నుంచి వస్తున్నాయి, వాటి సైలెన్సర్‌లో మసి పట్టే ఫిల్టరుంటుంది, నల్ల పొగ నిజంగానే తగ్గింది. కానీ పాత బండ్లు ఇంకా తిరుగుతున్నాయి. బ్రేకు పొడికి, టైరు పొడికి బీఎస్ 6 లేదు. ఆ స్పీడ్ బ్రేకర్‌ను వంద అడుగులు అవతలికి జరిపించాలని అర్జీ రాయబోయాను. మా ఇంటామె ఆపింది. "అది ఏసిందే ఆ పిలగాన్ని బండి గుద్దినప్పుడు. అవతల జరిపితే టైలర్ ఇంటి ముందు పడ్తది. ఆళ్ళకు లేరా పిల్లలు?" అర్జీ కాగితం ఇంకా షాపు సొరుగులోనే ఉంది.

ఇప్పుడు నేను చేసిన వెధవ పని. ఆరు నెలలు నడిచాక మిషన్‌లో ఫిల్టరు మార్చమని ఎర్ర లైటు వచ్చింది. తీసి చూస్తే తెల్లగా ఉండాల్సిన మడతలు బూడిద రంగులో ఉన్నాయి. లారీ ఎయిర్ ఫిల్టరును ఏం చేస్తాం? కంప్రెషర్ పెట్టి లోపలి నుంచి కొడతాం. అదే చేశాను. షాపు ముందు నల్లటి మేఘం లేచింది, ఫిల్టరు ముప్పావు వంతు తెల్లబడింది. రెండున్నర వేలు మిగిలాయని పైకి తీసుకుపోయి బిగించాను. "ఏందయ్యా, సైలెన్సర్ పని కూడా ఇంట్లకే తెచ్చినవా" అన్నది మా ఇంటామె, నా మొహం చూసి. ఆ రాత్రి మీటరు 45 కిందికి దిగలేదు. ఎంత స్పీడు పెట్టినా అంతే. హెపా అనేది కాగితం కాదు, సన్న దారాల దూది. కంప్రెషర్ గాలికి ఆ దారాలు తెగి కంటికి కనపడని బొక్కలు పడతాయి. కడిగితే ఇంకా పాడు. నాలాంటి చేతి దురద మెకానిక్కులందరికీ దండం పెట్టి చెబుతున్నా, దాన్ని ముట్టుకోవద్దు. ముందుండే జాలీని మాత్రం వారానికోసారి బ్రష్షుతో దులపండి.

కొత్త ఫిల్టరు కోసం కంపెనీ సర్వీసు వాళ్ళకు ఫోన్ చేస్తే "హైదరాబాద్ నుంచి రావాలి, నాలుగు రోజులు" అన్నారు. ఇరవై మూడు రోజులు పట్టింది. నడుమ ఆన్‌లైన్‌లో తొమ్మిది వందలకు ఒకటి తెప్పిస్తే, అది మడతలు పెట్టిన అట్ట ముక్క, చుట్టూ సందు. ఫిల్టరు చుట్టూ రబ్బరు బిగువు లేకపోతే గాలి పక్కనుంచి పోతుంది, పంపులో వాషర్ లేనట్టే. తిప్పి పంపించాను. కొనేటప్పుడే ఒక ఫిల్టరు అదనంగా కొనిపెట్టుకోవడం మేలు. కంపెనీ వాడు "ఏడాది వస్తుంది" అంటాడు. రోడ్డు మీది ఇంట్లో ఆరు, ఏడు నెలలకు మించి రాలేదు.

ఓరుగల్లు ఎండలకు ఈ మిషన్ పనికిరాదు, ఇది ఎవరూ చెప్పరు. మార్చి నుంచి జూన్ దాకా మనకు కూలరే దిక్కు. కూలర్ పనిచేయాలంటే వెనక కిటికీ తెరిచి ఉండాలి, అది బయటి గాలిని గుంజి గది నిండా పోస్తుంది. కూలర్ గడ్డి ఈగలను ఆపుతుందేమో, ఇంత సన్న ధూళిని ఆపదు. కూలర్, ప్యూరిఫయర్ రెండూ పెడితే చెరువును గ్లాసుతో తోడినట్టే. ఏసీ ఉన్న ఇల్లయితే వేరే సంగతి. మాకు ఏసీ లేదు, మేం ఏప్రిల్‌లో దాన్ని డబ్బాలో పెట్టాం. కూలరైనా వెనక గది కిటికీకి, చేను వైపు బిగించాం. నాలుగు వర్షాలు పడితే గాలి ఎట్లాగూ కడుక్కుంటుంది. మిషన్‌కు నిజంగా పని ఉండేది దీపావళి నుంచి శివరాత్రి దాకా. చలికి గాలి కిందే పేరుకుపోతుంది, పొగ పైకి లేవదు. పత్తి బండ్లు ఏనుమాముల మార్కెట్‌కు వరుస కట్టేదీ అప్పుడే.

వంటింటి సంగతి కూడా చెప్పాలి. పప్పు తాలింపు పెట్టినప్పుడు మీటరు నాలుగు వందలు దాటింది. మస్కిటో కాయిల్ పెట్టినప్పుడు అంతకంటే ఎక్కువ. మా ఇంటామె దేవుడి దగ్గర అగరుబత్తి మానదు, డాబా మీద తులసి దగ్గర పెడుతోంది. అట్లా ఒప్పుకోవడానికి పది రోజులు పట్టింది. దోమలకు తెర కట్టాం.

పాప ఇప్పుడెట్లా ఉంది అంటే, పోయిన చలికాలం మొత్తంలో రాత్రి నెబులైజర్ కోసం ఆసుపత్రికి పరుగెత్తింది ఒక్కసారి. అంతకుముందు ఏడాది ఐదు సార్లు. ఇందులో మిషన్ వాటా ఎంత అంటే నేను చెప్పలేను, ఇన్‌హేలర్ మిషన్ వచ్చిన మూడు వారాలకే మొదలైంది, మంచం కూడా ఆ చలికాలంలోనే జరిగింది. డాక్టరునడిగితే "ఇన్‌హేలర్ మాత్రం ఆపకండి" అన్నాడు, అందులోనే నాకు జవాబు దొరికింది. మొన్న డోసు తగ్గించాడు.

నా సంగతి కూడా అడిగాడు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ క్యాన్సర్ విభాగం 2012లోనే మొదటి వర్గంలో పెట్టింది, సిగరెట్ పొగతో పాటు. నా పొద్దటి దగ్గు పదేళ్ళది. ఇప్పుడు బండి స్టార్ట్ చేసి చూసే పని షాపు లోపల చేయడం లేదు, షెడ్డు బయటికి తెప్పిస్తున్నాను. ఎన్95 మాస్క్ కట్టుకుంటే అద్దాలు మసకబడుతున్నాయి, అయినా కట్టుకుంటున్నాను.

మార్కులు వేయమంటే, మిషన్‌కు ఐదుకు మూడు, సర్వీసుకు ఒకటి. ఎవరు కొనాలంటే, రోడ్డు మీద ఇల్లుండి, మారే వీలు లేక, ఇంట్లో ఆయాసం మనిషో చంటి పిల్లలో ఉండి, వెనక గది చిన్నదై, తలుపు మూసుకుని పడుకోగలిగితే కొనండి. హాలు కోసం వద్దు. అయాన్ బటన్ ఉన్న మిషన్లు కొన్ని ఓజోన్ అనే వాయువును వదులుతాయి, అది ఉబ్బసానికి ఇంకా చేటు, ఆ బటన్ ముట్టకండి.

ఇంజనాయిల్ మార్చినప్పుడు లారీ మీద రాసినట్టే మిషన్ పక్కన మార్కర్‌తో కొత్త ఫిల్టరు వేసిన తేదీ రాశాను. కింద పాప తన పేరు కూడా రాసుకుంది, ఆ మిషన్ తనదట.